నా రూమ్మేటు చెప్పిన గడ్డి దూడ

పోయిన ఆదివారం మా చెల్లెలి కూతురు సోఫా మీద కాళ్లు ముడుచుకొని సినిమా చూస్తోంది. కోచింగ్ కోసం వచ్చి తార్నాకలోని మా ఫ్లాట్‌లో ఉంటోంది ఆ పిల్ల. ఎప్పుడు అడిగినా ఐదు నిమిషాల బ్రేక్ అని చెప్పే రకం. తెర మీద వేరే గ్రహం నుంచి వచ్చిన జీవాలేవో మనుషుల్ని వరసగా అరల్లో పడుకోబెట్టి, నోళ్లలోకి గొట్టాలు పెట్టి మేపుతున్నాయి. నేను చికెన్‌కు ఉప్పూ కారం పట్టిస్తూ వంటింటి గుమ్మంలో నిలబడి ఓ కన్నేశాను. ఆ పిల్ల తెర మీంచి చూపు తిప్పకుండానే, "పెద్దమ్మా, గిది కోళ్ల ఫారం లెక్కనే ఉన్నది గదా," అంది. తెలివైన మాట. ఇంకో పెద్దమ్మ అయితే మురిసిపోయి నాలుగిళ్లకు చెప్పుకునేది. నేను మాత్రం మురిసిపోలేదు. ఎందుకంటే ఈ మాట నేను ఇరవై రెండేళ్ల కిందటే విన్నాను. విన్న రోజే, ఇది నా నోట్లోంచి ఎందుకు రాలేదా అని కుళ్లుకున్నాను. చేతులకు కారం అంటుకొని ఉండగానే ఆ కుళ్లు మళ్లీ మొదలైంది.

ఆ మాట అన్నది నా హాస్టల్ రూమ్మేటు. ఎమ్మేలో మాది ఒకే క్లాసు, ఒకే గది, ఒకే బకెట్టు. మొదటి రోజు ట్రంకుపెట్టెను మంచం కిందికి తోస్తున్న ఆమెను మీ ఇంట్లో ఏం చేస్తారని అడిగితే, బర్రెలున్నాయని, పాలు పోస్తామని చెప్పింది. బ్యాంకు మేనేజరు కూతురైనా అంత నిబ్బరంగా చెప్పదు. నేను మా నాన్నది గవర్నమెంటు ఉద్యోగమని చెప్పి ఊరుకున్నాను. మా నాయనమ్మకు కూడా ఊళ్లో రెండు బర్రెలు ఉండేవని, చిన్నప్పటి ఎండాకాలం సెలవులన్నీ ఆ కొట్టం పక్కనే గడిచాయని చెప్పలేదు. జిల్లా కేంద్రంలో ఇంగ్లీషు మీడియం చదివి, ఇంటర్వ్యూలో ప్రపంచ సినిమా గురించి పావుగంట దంచి సీటు తెచ్చుకున్న మనిషిని నేను. అలాంటి మనిషికి పేడవాసన నప్పదనిపించింది.

అసూయకు పెద్ద కారణాలు అక్కర్లేదని నాకు ఆ ఏడాదే తెలిసింది. ఆమె తల దిండుకు ఆనగానే నిద్రపోయేది. అది చూసి కుళ్లుకున్నాను. ఇంటి నుంచి ఆమెకు స్టీలు డబ్బాలో పాలకోవా వచ్చేది. మూత తీసి ముందు నాకే పెట్టేది. తింటూ కూడా కుళ్లుకున్నాను. క్లాసులో తెలియనిది తెలియదని చెప్పేసేది, సారు నవ్వి మళ్లీ వివరించేవారు. నేను తెలియనిదానికి కూడా తలూపి, సాయంత్రం లైబ్రరీలో పడి అవస్థ పడేదాన్ని. మెస్సులో వడ్డించే ఆవిడ సైతం ఆమెకు ఓ గరిటె ఎక్కువే వేసేది, నా కంచంలోకి పప్పు మీది తేట వచ్చేది. ఇది నిజంగా జరిగిందో, నా కళ్లే అలా చూశాయో ఇప్పుడు ఒట్టు పెట్టి చెప్పలేను.

శనివారం మధ్యాహ్నాలు మా సారు సెమినార్ హాల్లో సినిమా వేసేవారు. ఆ ఏడాది ఆయనకు సైన్స్ ఫిక్షన్ పిచ్చి పట్టింది. తార్నాక చౌరస్తా పక్క సందులో సీడీలు అద్దెకిచ్చే కొట్టు ఒకటి ఉండేది. అక్కడి నుంచి సీడీ తేవడం నా బాధ్యత. దానికే నేను కాస్త నిక్కి నడిచేదాన్ని. కిటికీలకు నల్లగుడ్డ కట్టి తలుపు వేస్తే లోపల పన్నెండు మందిమి, తిరగని ఒక ఫ్యాను, కాగితం పొట్లాల్లో పల్లీలు. రూమ్మేటుకు ఆ ఇంగ్లీషు వేగం అందేది కాదు. పక్కన కూర్చొని నేనే ఆమె చెవిలో తెలుగులో చెబుతుండేదాన్ని. అంటే రాకెట్ల నుంచి రాక్షసుల దాకా ఆమెకు అందిన సైన్స్ ఫిక్షన్ అంతా నా నోటి మీదుగా వెళ్లిందే. నేను చెప్పిన మాటల్లోంచే నాకు తోచనిది ఆమెకు తోచేది. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

ఇంకో లోకం వాళ్లు మనుషుల్ని పెంచుకు తినే సినిమా, గుండెలూ మూత్రపిండాలూ కోసుకోవడానికి మనుషుల్ని షెడ్లలో పెంచే సినిమా చూసి, మేమందరం కెమెరా గురించి, పెట్టుబడి గురించి, రాబోయే కాలం గురించి మాట్లాడేవాళ్లం. ఆమె నల్లగుడ్డ విప్పి మడతపెడుతూ కోళ్ల ఫారం గురించి మాట్లాడేది. "గీ సినిమాలు తీసెటోళ్లు కొత్తగ ఏం కనిపెట్టలే సార్," అన్నది ఓ రోజు. "కొట్టంలకెళ్లి బర్రెను ఇడిసిపెట్టి, గాడ మనిషిని కట్టేసిండ్రు. గంతే. గందుకే మనకు బయమైతున్నది." సారు చేతిలో చాయ్ కప్పు అలాగే పట్టుకొని ఆగిపోయారు. నేను ఆ సినిమా మీద ఐదు పేజీల నోట్సు రాసుకున్నాను. ఐదు పేజీల్లోనూ ఈ ముక్క లేదు.

తర్వాతి శనివారం, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి అచ్చం ఆ బిడ్డలాంటి మరబొమ్మను తయారుచేసి ఇచ్చే సినిమా వేశారు. హాల్లో అందరం ముక్కులు చీదుకున్నాం. బయటికి వచ్చి క్యాంపస్ రోడ్డు మీద తార్నాక వైపు చాయ్ కోసం నడుస్తుంటే, ఆమె ఉన్నట్టుండి తమ ఇంట్లోనూ ఇలాగే చేశారని చెప్పింది. బర్రె ఈనిన నెలకే దూడ చనిపోయిందట. దూడ మూతి తగలనిదే బర్రె పొదుగులోంచి పాలు వదలదు, అలా వదలడాన్ని చేపడం అంటారు. అందుకని తోలు ఒలిపించి, ఉప్పు రాసి ఎండబెట్టి, లోపల వరిగడ్డి కూరి కుట్టించి, నాలుగు కర్రల మీద బర్రె ముందు నిలబెట్టారట. "సినిమల తల్లి ఏడుస్తుంటె మనమందరం ఏడ్సినం," అంది. "మా బర్రె కోసం ఎవ్వలు ఏడ్వలే. నేను గూడ ఏడ్వలే." అప్పటికి చాయ్ కొట్టు వచ్చింది. నేను రెండు చాయ్‌లు చెప్పాను. ఇంకేమీ చెప్పలేదు.

చెప్పడానికి నా దగ్గర లేక కాదు. నాకు ఏడేళ్లప్పుడు మా నాయనమ్మ కొట్టంలోనూ అలాంటి దూడ నిలబడింది. కళ్లు ఉండాల్సిన చోట రెండు కుట్లు. బర్రె నాకితే అది పడిపోకుండా వెనక నుంచి పట్టుకోవడం నా పని. చెయ్యి పెడితే పైన తోలు, లోపల గడ్డి గరగర. నాయనమ్మ చెంబు పట్టుకొని అవతల పక్క కూర్చొని, కదలకుండా పట్టమని గదమాయించేది. ఆ రోడ్డు మీద నడుస్తున్నంతసేపూ ఆ గరగర నా అరచేతుల్లో ఉంది. ఇది నాకూ తెలుసు, నేనూ పట్టుకున్నాను అని ఒక్క మాట అంటే చాలు. కానీ అప్పటికి అది ఆమె మాట అయిపోయింది, నేను వంత పాడినట్టు అవుతుంది. నా చిన్నతనంలో నాకు జరిగినదాన్ని నాకన్నా ముందు ఇంకొకరు చెప్పేశారని ఉడుక్కున్నాను.

ఆ నెలాఖరుకే సారు ఓ కబురు తెచ్చారు. మైసూరులో సెమినారు, సైన్స్ ఫిక్షన్ సినిమాలు పెంపుడు పశువుల గురించి ఏం చెబుతున్నాయన్నది విషయం. మా క్లాసు నుంచి ఒక్కరికే అవకాశం. ఆ పేపరు బాగా కుదిరినవాళ్లకు పరిశోధనలో ఆయన దగ్గర ఉన్న ఒకే ఒక్క సీటు దాదాపు ఖాయమని అందరికీ తెలుసు. మిగిలినవాళ్లు ముందే తప్పుకున్నారు. ఆమె, నేను రాశాం. నాది ఇరవై పేజీలు, సగం పుస్తకాల పేర్లే. ఆమెది ఏడు పేజీలు, తెలుగులో రాసుకొని డిక్షనరీ పెట్టుకొని ఇంగ్లీషు చేసింది. కొన్ని వాక్యాలు నేనే దిద్దాను. దిద్దుతూ చదివాను కాబట్టి ఏది గెలుస్తుందో నాకు ముందే తెలిసిపోయింది.

సారు క్లాసులో ఆ ఏడు పేజీలు పైకి చదివారు. చదివి, కళ్లజోడు తీసి, చాలా బాగుందన్నారు. అయితే ఆయనకు ఒక సందేహం వచ్చింది. ఈ గడ్డి దూడ సంగతి ఏ పుస్తకంలో ఉందని అడిగారు. పుస్తకంలో లేదు, మా ఇంట్లో చూశానని ఆమె చెప్పింది. ఆయన కాస్త ఇబ్బందిగా కదిలారు. అక్కడంతా పెద్ద పెద్దవాళ్లు వస్తారు, ఒక్కరి మాట మీద నిలబడితే కట్టుకథ అనుకుంటారని ఆయన భయం. మా అందరి వైపు తిరిగి, "మీలో ఇంకెవరైనా కళ్లారా చూసిన్రా? చూసినోళ్లు చెయ్యెత్తండి," అన్నారు. నేను నోటుపుస్తకం అంచున గీతలు గీస్తూ కూర్చున్నాను. నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని. ఆమె నా వైపు చూడలేదు. చూడడానికి కారణమే లేదు, నా సంగతి ఆమెకు తెలియదు కదా. చెయ్యి అరడుగు లేస్తే సరిపోయేది. లేవలేదు.

ఆ భాగం తీసెయ్యమన్నారు, ఆమె తీసేసింది. మిగిలిన పేజీలు ఉప్పు లేని పప్పులా తయారయ్యాయి. నేను ఎంపికయ్యాను. కాచిగూడ స్టేషన్‌కు నన్ను సాగనంపడానికి వచ్చింది కూడా ఆమే. నా బ్యాగు తనే మోసి, పెరుగన్నం డబ్బా చేతిలో పెట్టి, మంచిగ చదువు, గాబరా పడకు అని చెప్పింది. రైలు కదిలాక ఆ పెరుగన్నం తిన్నాను. చాలా రుచిగా ఉంది. కనీసం అది పులిసినా బాగుండేదనుకున్నాను.

మైసూరులో నా ఇరవై పేజీలూ చదివాను. ముందు వరసలో ఒకాయన కునుకు తీశాడు. చివర్లో నెరిసిన జుట్టు ముడి వేసుకున్న ఒక పెద్దావిడ లేచి, ఇవన్నీ సినిమాలు కదమ్మా, ఇందులో నువ్వు స్వయంగా చూసిందేమైనా ఉందా అని అడిగింది. నా నోరు దానంతటదే తెరుచుకుంది. మా నాయనమ్మ కొట్టం, ఎండిన తోలు, కళ్ల చోట కుట్లు, నా అరచేతులు, ఆ పక్కనే మరబొమ్మ బిడ్డ సినిమా. హాలు కదలకుండా వింది. చప్పట్లు కొట్టారు. పుస్తకంగా అచ్చు వేసేటప్పుడు ఇది కూడా చేర్చమన్నారు. ఒక పేజీ చేర్చాను, పాపం ఆ మూగజీవం గడ్డిని బిడ్డ అనుకొని మోసపోయిందని ముగించాను. కొట్టం నాదే, నాయనమ్మ నాదే, ఏ మాటకామాట. సినిమాకూ కొట్టానికీ వేసిన ముడి మాత్రం ఆమెది, దాన్ని ఎక్కడా చెప్పలేదు.

పరీక్షల ముందు ఆ పుస్తకం మా డిపార్ట్‌మెంటుకు వచ్చింది. ఓ మధ్యాహ్నం నేను గదిలోకి వెళ్లేసరికి ఆమె మంచం మీద కూర్చొని ఆ పేజీ చదువుతోంది. మీ ఇంట్లోనూ పెట్టారా అని అడిగింది. పెట్టారన్నాను.

"మరి గా రోజు సార్ అడిగితె చెయ్యి ఎందుకు లేపలే?"

మర్చిపోయానన్నాను. ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండనిపించింది.

"మీ బర్రె చేపిందా మరి?" అని అడిగింది.

నాకు తెలియదు. ఆ దూడను పట్టుకున్నంతసేపూ నేను కళ్లు మూసుకునే ఉన్నాను. నా అరచేతులు గుర్తున్నాయి, నా భయం గుర్తుంది, బర్రె ఏం చేసిందో చూడనే లేదు.

"మాది మూడు దినాలు మూతి గూడ పెట్టలే," అంది ఆమె. "నాలుగో దినం నాకింది. దుడ్డె అనుకొని కాదు, దానికెరుకే సచ్చిపోయిందని. పొదుగు నిండి నొస్తుంటె ఏం జేస్తది, మనం పెట్టినదాన్నే నాకింది. గది రాద్దామనుకున్న నేను." పుస్తకం మూసి నా మంచం మీద పెట్టి, బట్టలు తీయడానికి డాబా మీదికి వెళ్లింది.

నేను చూసిన సినిమాలన్నిటిలో బోనుల్లో పెట్టిన మనుషులు మోసపోతారు, లేకపోతే తిరగబడతారు. అన్నీ తెలిసి, నొప్పికి తట్టుకోలేక లొంగినవాళ్లను నేను ఒక్క సినిమాలోనూ చూడలేదు. ఆమె అది కొట్టంలో చూసింది. నేను అలాంటి కొట్టంలోనే నిలబడి కూడా చూడలేదు. ఇన్ని సినిమాలు ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నాను గానీ, ఆ మధ్యాహ్నం పడినంత అసూయ ఎప్పుడూ ఎవరి మీదా పడలేదు.

పరిశోధన సీటు నాకే వచ్చింది. ఉద్యోగమూ దాని వెంటే వచ్చింది. ఆమె బీయెడ్ చేసి మండల కేంద్రంలో హైస్కూలు టీచరైంది. పండగలకు ఫోన్లో శుభాకాంక్షలు పంపుకుంటాం. క్షమించమని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అడగలేదు. పరువు పోతుందని కాదు. అడిగితే ఆమె ఒక్క క్షణంలో పోనీ తియ్ అనేస్తుంది. ఆ తేలికదనాన్ని చూస్తే మళ్లీ కుళ్లుకుంటాను. వయసు వస్తే ఇవన్నీ వాటంతటవే పోతాయని అందరూ అంటారు. నాకు వయసు వచ్చింది, కళ్లజోడు వచ్చింది, మోకాళ్ల నొప్పులు వచ్చాయి. ఇరవై రెండేళ్లలో కాలం నాలో ముట్టుకోకుండా వదిలేసింది ఆ అసూయ ఒక్కదాన్నే.