అన్నం మీద అలక

కండలు పెంచాలంటే అన్నం మానెయ్యాలని ఎవరైనా చెబితే, ముందు చెప్పినవాడి పొట్ట వైపు ఒకసారి చూడాలి. నేను చూడలేదు. డెబ్భైల చివర్లో, డిగ్రీ చదివే రోజుల్లో, జగ్గయ్యపేటలో మా వ్యాయామశాల మాస్టారి మాట నమ్మి అన్నానికి నమస్కారం పెట్టేశాను. తెలివితక్కువ పనులు మా వంశానికి కొత్త కాదు గాని, తిండి దగ్గర మాత్రం మావాళ్లెవరూ తప్పు చేసినట్టు వినలేదు.

"అన్నం ఒట్టి నీరురా అబ్బాయ్! గుడ్లు తిను, ఉడకబెట్టిన శనగలు తిను. నేను అన్నం ముట్టుకోవడం ఎప్పుడన్నా చూశావా?" అనేవారాయన.

నందిగామలో బరువులెత్తే పోటీ. మా వ్యాయామశాల తరఫున నన్నే ఎంచారు. నన్ను 'అగ్గిపుల్ల' అని పిలిచే మా బజారు నోళ్లు ఆ రోజుతో మూతపడాలని నా ఆశ.

నేను కంచం పక్కకి తోస్తే అమ్మ బిత్తరపోయింది.

"అన్నం మీద అలగటమేందిరా? నిన్నేమన్నా అన్నానా?"

"అలక కాదమ్మా, కండల కోసం."

"శనగలతో వచ్చేది కండ కాదురా, గాలి!"

ముందు ఆమె మాటే నిజమైంది. నెల తిరిగేసరికి నాలుగు బస్కీలకే మోకాళ్లు వణకసాగాయి. కండల కోసం పోతే కండ్లు తిరిగాయి. అన్నంలోని పిండి మానేసిన నన్ను ఎవరో తడిబట్టలా పిండి ఆరేసినట్టుండేది. మాస్టారితో చెప్పుకుంటే, "చాటుగా అన్నం తింటున్నావు, అందుకే" అన్నారు. తినకుండానే తిన్నాననిపించుకోవడం ఎంత మంటో కడుపు మాడినవాడికే తెలుస్తుంది. ఆ ఉక్రోషంతో ఇడ్లీ కూడా మానేశాను, అందులోనూ బియ్యమే కదా అని.

ఒళ్లు కష్టపడే వేళ పిండిపదార్థాలే దానికి వంటచెరుకు. అవి దొరక్కపోతే, ద్వారబంధాలు పీకి పొయ్యిలో పెట్టుకున్నట్టు, అది తన కండనే కాల్చుకుంటుందట. ఈ సంగతి నేను చాలా ఏళ్లకి గాని చదవలేదు. నా ద్వారబంధాలు అప్పటికే బూడిదయ్యాయి.

నందిగామలో నా వంతు వచ్చింది. అన్నం తినే రోజుల్లో అవలీలగా ఎత్తిన బరువే. మోకాళ్ల దాకా వచ్చి, ఇక రానంది.

"అగ్గిపుల్ల తడిసిందిరోయ్!" అని జనంలోంచి కేక. మా బజారు గొంతే. బరువెత్తడానికి వెళ్లి పరువు దించుకున్నాను.

మాస్టారు నా మొహం చూడకుండా, "ఆకలేస్తోంది, పద" అన్నారు. బస్టాండు పక్క భోజన హోటల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన పప్పుతో ఒక వాయి, చారుతో ఒక వాయి అన్నం లాగించారు.

"మాస్టారూ, అన్నమండీ అది..." అన్నాను.

"నాది అలవాటైన ఒళ్లురా. ఏం కాదు," అన్నారు, ముద్ద దిగమింగి.

అలవాటట! అన్నాళ్లూ నమిలిన శనగలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పెరుగులోకని ఆయన మళ్లీ అన్నం కేకేశారు. వడ్డించే అతను బేసిన్‌తో వస్తుంటే నేను చెయ్యెత్తాను.

"ముందు ఇటండీ."

వేశాడు. ఇంకా వెయ్యమన్నాను. బేసిన్ అడుగు కనిపించేదాకా వెయ్యమన్నాను.

"అయిపోయిందండీ. మళ్లీ ఎసరు పెట్టాలి, అరగంట పడుద్ది," అన్నాడతను.

బయట మా జగ్గయ్యపేట బస్సు హారన్ కొడుతోంది. మాస్టారు తన పెరుగు వైపు చూశారు, నా ఆకు వైపు చూశారు.

"కాస్త ఇటు తియ్యరా అబ్బాయ్."

నేను అప్పటికే అయిదు వేళ్లూ అన్నంలో పెట్టేశాను.

"ఎంగిలైందండీ మాస్టారూ," అన్నాను.