కరీం భాయ్ ఎర్ర ఎలుకలు

ఉదయం ఏడింటికి కాజీపేటలో రైలెక్కాను. ఒళ్ళో గాలి రంధ్రాలున్న డబ్బా. అందులో ఇటుక రంగు ఆడ ఎలుక, రంగు, అందం చూసే పోటీలకు పెంచే రకం. దాన్ని పంజాగుట్టలో కరీం భాయ్‌కి చూపించడానికే ఈ ప్రయాణం.

"అండ్ల ఏమున్నదన్నా?" అని పక్కన కూర్చున్నామె అడిగింది. చెప్పగానే తన టిఫిన్ సంచిని అటువైపు జరుపుకుంది.

ఆరేళ్ళ కిందట ఒకే ఈతలో పుట్టిన ఎర్ర ఎలుకల్ని నేనూ కరీం భాయ్, బయటివి కలపొద్దనుకుని, పంచుకున్నాం. నేను పెద్ద చెవులు, పొడవు తోక చూసి జతకట్టించాను. మూడేళ్ళకు ఒక పోటీలో ఆయనవి రాగి రంగులో మెరిశాయి. నావి లేత పసుపుకు తిరిగాయి. ఎరుపునిచ్చే జన్యువు ఇద్దరి ఎలుకల్లోనూ ఒకటే కదా అనుకుని, "బయటి రక్తం కలిపినవ్" అనేశాను, అందరి ముందూ. ఆయన బోను తీసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత నేనూ పట్టుబట్టి, ప్రతి ఈతలో బాగా ముదురు రంగు పిల్లల్నే ఉంచుతూ వచ్చాను. ఎనిమిదో తరంలో ఈ ఇటుక రంగు పుట్టింది. బయటి ఎలుక ఒక్కటీ కలవలేదు. పెద్ద జన్యువు ఎరుపునిస్తుంది. ఆ ఎరుపు ఎంత ముదురన్నది మాత్రం చిన్న జన్యువులెన్నో కలిసి తేలుస్తాయి, ఒక్కోటీ ఇసుమంత. కరీం భాయ్ ఓపికగా పోగుచేసింది వాటినే.

పావు తక్కువ పదికి సికింద్రాబాద్. మెట్రోలో ఎలుకను రానివ్వరేమోనని సిటీ బస్సెక్కాను. ఎండాకాలం ఇలా వెళ్ళేవాళ్ళు డబ్బా మీద తడిగుడ్డ కప్పుకోవాలి. అమీర్‌పేటలో దిగి, కోచింగ్ కాగితాలు పంచేవాళ్ళను తప్పించుకుని, ఇడ్లీ తిని, షేర్ ఆటోలో పంజాగుట్ట చేరాను.

కరీం భాయ్ తలుపు తీసి నన్ను చూశాడు. నేను గుమ్మం బయటే ఆగి డబ్బా అందించాను. ఆయన ఎలుకను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి బొచ్చు మీద మెల్లగా ఊదాడు.

"వెంట్రుక మొదట్ల దాకా ఉన్నది ఎరుపు," అన్నాడు. "బయటిది కలిపినవా?"

"లేదు భాయ్."

"సరే."

నా మాట నమ్మడానికి ఆయనకు అంతే సేపు పట్టింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

"ఆ రోజు తప్పు మాట్లాడిన భాయ్. నీ ఎలుకలేవి?"

"యాడున్నయన్నా? గా పోటీ అయినంక మనసు ఇరిగింది. పెంపుడు జంతువుల దుకాణపాయనకు ఇచ్చేసిన. వేరేవాటితోని కలిసి, రెండు ఈతలల్లనే రంగు పోయిందంట."

వాటిలో ఎరుపునిచ్చే జన్యువు ఇంకా ఉండే ఉంటుంది. ఆయన పోగుచేసిన చిన్న జన్యువులే చెదిరిపోయాయి.

"దీన్ని నువ్వే ఉంచుకో," అన్నాను.

"వద్దన్నా. గా మాట నలుగుర్ల అన్నవ్ గద. నలుగుర్లనే చెప్పు జర." అని లోపలికి పిలిచి చాయ్ పోశాడు.

మూడున్నర రైలుకు ఎలుక డబ్బాతోనే తిరిగి బయల్దేరాను. దారి పొడవునా, నేను పోగొట్టినదాన్ని మళ్ళీ పెంచాలంటే ఎన్ని ఈతలు పడతాయో ఆలోచిస్తూనే ఉన్నాను. ఘట్‌కేసర్ దాటాక ఇది రాయడం మొదలుపెట్టాను. ఆ రోజు పోటీ జరిగిన హాల్లో ఉన్నవాళ్ళెవరైనా చదువుతుంటే, మీకే చెబుతున్నాను: కరీం భాయ్ ఏదీ కలపలేదు. తప్పు నాది.