మోట గుంజ మీద చీర

బోధన్‌లో చక్కెర మిల్లు కడుతున్న రోజులవి. కామందు చెరకు విత్తనం తెమ్మంటే మా ఆయన బయలుదేరాడు; అనంతపురం పక్కనున్న మా ఊరి నుంచి నేనూ వెంట వెళ్లాను. వర్ని దారిలో బండి ఆపినప్పుడు, ఒళ్లంతా దుమ్ముతో పక్కనే ఉన్న మోట బావికి స్నానానికి పోయాను.

లోపల ఒక తల్లి, ఇద్దరు కూతుళ్లు ఈదుతున్నారు. మునగకుండా చిన్నదాని వీపుకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి ఉంది. నేను మెట్టు దిగబోతుంటే తల్లి కేక వేసింది.

"ఓ అక్కా, గట్లనే దిగకు! ముందుగాల ఒడ్డు మీద సెంబుతోని పోసుకో, తలకున్న నూనె పోనియ్యి. గీ నీళ్లు మా పిల్లల నోట్లకు పోతయి."

నాకు ఒళ్లు మండింది. మా ఊళ్లో ఒక్క బిందెతో ఇద్దరం స్నానం కానిస్తాం. ఈవిడ బావెడు నీళ్లలో తేలుతూ నాకు శుభ్రం నేర్పుతోంది! అయినా పోసుకున్నాను.

"మగవాళ్లెవరైనా వస్తే?" అని అడిగాను.

"మోట గుంజకు సీర ఏసినం గద. గది సూస్తే ఎవ్వలు రారు."

అంతలోనే ఆమె భర్త వచ్చాడు. చీర చూసి అల్లంత దూరాన ఆగిపోయి, మాకు వీపు పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. అందరం బయటికి వచ్చేదాకా తల తిప్పలేదు. అన్ని నీళ్లను చూసినా పుట్టనంత కుళ్లు నాకు ఆ వీపును చూసి పుట్టింది.

ఊరికి వచ్చాక, మా దొడ్లో స్నానాల తడిక మీద నేనూ చీర వేసి చూశాను. మా ఆయన దాన్ని పక్కకు నెట్టి, "గొడ్డలి ఎక్కడ పెట్టావే?" అంటూ లోపలికి వచ్చాడు.