లాడ్జి బిల్లులో మా బావ పేరు

మా ఆయన నాకు మేనబావ. పెళ్లయి పాతికేళ్లయినా బావా అనే పిలుస్తాను, తిట్టేటప్పుడు కూడా.

వైమానిక దళపు రవాణా విమానంలో సరుకు ఎక్కించి, బరువు ఎటూ ఒరగకుండా కట్టించడం ఆయన పని. అక్కడ పిసరంత తేడా రానివ్వడు. కాగితం దగ్గరే కళ్లు మూసుకుంటాడు. డ్యూటీ మీద వేరే ఊళ్లో దిగితే గది అద్దె, తిండి ఖర్చు సర్కారు ఇస్తుంది. బిల్లులు జతచేసి ఫారం నింపాలి. ఆయన నౌకరీ వేరే ఊళ్లోనైనా, ఆ ఫారాలన్నీ ఆయన పంపిస్తే నాందేడ్‌లో మా ఇంట్లో కూర్చుని నేనే నింపుతూ వచ్చాను. బీకాం చదివింది ఊరికేనా?

ఒక్కటే నా చేయి దాటిపోయింది. ఒక వానాకాలం వాళ్ల విమానంలో ఏదో చెడి, దారిలో మా నాందేడ్‌లోనే దిగింది. విడిభాగం వచ్చేసరికి మూడు రోజులు పట్టింది. మిగతా సిబ్బంది నలుగురూ స్టేషన్ దగ్గరి లాడ్జిలో దిగారు. మా బావ వాళ్లను అక్కడ దింపి, ఇంటికొచ్చి తన మంచం మీద పడుకున్నాడు. ఒక రాత్రి ఆ నలుగురినీ పిలిచి జొన్నరొట్టె, శనగపిండి పిఠ్ల పెట్టాను. విమానం వెళ్లిన మర్నాడే నేను చెల్లెలి కాన్పుకని కిన్వట్ పోయాను. ఫారం ఆయనే నింపుకున్నాడు.

రెండు నెలలకు సెలవు మీద వచ్చి, అన్నం తిన్నాక ఒక కాగితం నా ముందు పెట్టాడు. లెక్కల ఆఫీసు అడుగుతోంది: మీ సొంతూరు నాందేడ్ అని రికార్డులో ఉంది, కుటుంబమూ అక్కడే ఉంది, మరి అదే ఊళ్లో మూడు రాత్రులకు లాడ్జి అద్దె ఎట్లా తీసుకున్నారు?

"ఏంది గిది? లాడ్జిల ఎప్పుడు పండినవ్ బావా నువ్వు?"

"పండలే. బిల్లుల ఐదు పేర్లున్నయ్. ఐదు భాగాలు జేసి నా భాగం రాసిన, తిండి పైసలు గూడ."

"పేరుంటే రాస్తవా? రేపు స్మశానం చీటీల పేరుంటే పోయి పంటవా?"

ఆయన నవ్వలేదు. రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది. దొంగ బిల్లు పెట్టాడని తేలితే విచారణ, నౌకరీ మీద మచ్చ, పింఛను మీద దెబ్బ.

"గాడ్నే పండిన అని రాస్తే అయిపోతది గదా. లాడ్జాయన మనోడే," అన్నాడు మెల్లగా.

"ఇప్పటిదాంక తెల్వక జేసినవ్. గది రాస్తే తెలిసి జేసినట్టయితది."

మర్నాడు లాడ్జికి పోయి రిజిస్టర్ తీయించాను. రెండు గదులు, నాలుగు సంతకాలు. బిల్లు మీద మాత్రం ఐదు పేర్లు, అందులో మొదటిది మా బావదే. మేనేజరు పక్కనే ఉన్న ఉమ్రి ఊరి మనిషి.

"పండని మనిషి పేరు ఎట్ల రాసినవ్?"

"అక్కా, పార్టీని తీస్కొచ్చిందే సాబ్. మన ఊరాయన. ఆయన పేరు లేకుంట బిల్లిస్తే ఇజ్జత్ గాదు గదా."

"నీ ఇజ్జత్ తోని మా పింఛను పోతున్నది. ఇప్పుడు నిజం రాసియ్యి."

తల గోక్కుంటూ రాసి, ముద్ర వేసిచ్చాడు. చాయ్ తెప్పిస్తానన్నాడు. "వద్దు, దానికీ ఐదు పేర్లేస్తవ్," అని లేచాను.

జవాబు నేను చెప్పాను, ఆయన రాశాడు. మూడు రాత్రులూ ఇంట్లోనే పడుకున్నాను, ఇంట్లోనే తిన్నాను. బిల్లులో పేరు చూసి భాగం రాయడం నా తప్పు. గది అద్దె, తిండి డబ్బులు రెండూ తిరిగి కడతాను. "తప్పొప్పుకుంటే నా మెడకు నేనే తాడేసుకున్నట్టు," అని మూడుసార్లు పెన్ను కింద పెట్టాడు. మూడుసార్లూ నేనే తీసి చేతికిచ్చాను.

ఆయన డ్యూటీకి వెళ్లిపోయాక నాకు భయం పట్టుకుంది. ఫోన్ మోగితే ఆయనదేమోనని పరుగెత్తేదాన్ని. నా మాటే ఆయన కొంప ముంచితే? వాదించి గెలవడం నాకు అలవాటే. గెలిచినందుకు భయపడింది ఆ ఒక్కసారే.

ఐదు వారాల తర్వాత, ఓ పొద్దున చిక్కుడుకాయల ఈనెలు తీస్తుండగా ఫోన్ వచ్చింది.

"పైసలు కట్ జేసుకున్నరు. కేసు మూసేసిండ్రు."

"అంతేనా?"

"ఇకమీద ఫారాలు సరిగ జూసి నింపాలె అని రాసిండ్రు."

"పాతికేండ్ల సంది నేను జెప్తున్న. నేను జెప్తే మాత్రం చెవులకెక్కదు."

ఆయన పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! ఫోన్ పెట్టాక చూసుకుంటే, ఒలిచిన కాయలూ తీసిన ఈనెలూ ఒకే గిన్నెలో వేసేశాను. మళ్లీ మొదటి నుంచి ఏరుకున్నాను. విసుగనిపించలేదు.