గీత మీద కోత

సోమవారం పొద్దున తొమ్మిదింపావుకు నా రవిక గుడ్డ పక్కింటామె చేతిలో పెట్టాను. ఆమె లింగంపేటలో మా పక్కింట్లో బీడీలు చుట్టేది. ఎల్లారెడ్డిలో ఆరు నెలలు కుట్టు నేర్చుకుని, కామారెడ్డి నుంచి మిషన్ తెచ్చుకుంది. మూడేళ్లయినా దాని మీద కప్పిన దుప్పటి తీయలేదు. ఎవరు గుడ్డ తెచ్చినా సుద్దతో గీత గీసి, మూడుసార్లు కొలిచి, కోయకుండానే మడిచి ఇచ్చేసేది.

"బీడీ ఆకు ఖరాబైతే పారేస్త అవ్వా. మంది గుడ్డ ఖరాబైతే ఏం జెయ్యాలె?" అనేది నాతో.

వాడని మిషన్ ఎందుకని ఆమె భర్త దాన్ని అమ్మడానికి బేరం కుదిర్చాడు. కొనేవాడు ఆ సాయంత్రమే వస్తాడు.

"ఇది నా గుడ్డ. నా ముంగట కొయ్యి" అన్నాను.

"ఖరాబైతే తిడ్తవు."

"తిడ్త. తిట్టి ఇంకోటి ఇస్త."

ఆమె కత్తెర పట్టింది. రేకు ముక్క పెట్టి దాని అంచు వెంట బీడీ ఆకును కోసినట్టే, సరిగ్గా సుద్దగీత మీదనే కోసేసింది. కుట్టుకు వదలాల్సిన గుడ్డ వదలలేదు. కుట్టిన రవికలో నా చేయి దూరలేదు.

అన్నట్టే తిట్టాను. ఆమె ఏడవలేదు. పెట్టెలోంచి తన జాకెట్టు గుడ్డ తీసి, కొలత గీత గీసి, దానికి అర అంగుళం అవతల కోతకు ఇంకో గీత గీసింది.

కొనేవాడు వచ్చేసరికి మిషన్ నడుస్తోంది.

"ఇది అమ్మేది గాదన్నా" అంది, తలెత్తకుండా.

మొత్తం పోయినవి: ఎనభై సెంటీమీటర్ల గుడ్డ, మూడేళ్లు. గుడ్డ మళ్లీ కొన్నాను.