కొక్కేనికి వేలాడిన బిళ్ల

పొద్దున్న ఆరు. ముసురు పట్టి రెండో రోజు. నిన్న మధ్యాహ్నం తిన్న తిండి ఎప్పుడో అరిగిపోయింది బాబాయ్‌కి. అయినా ముందు ఎక్స్‌రే ఒంటికి తగలకుండా తొడుక్కునే సీసం ఏప్రాన్లన్నీ తుడిచి కొక్కేలకు తగిలించాలి. మడతపడితే లోపల సీసం పగులుతుంది. పెద్దాసుపత్రిలో, ఎక్స్‌రే తెర చూస్తూ రక్తనాళాల్లోకి సన్నటి గొట్టాలు పంపే గదికి అతను అటెండరు, అందరికీ బాబాయే. ఇరవై ఏళ్లుగా అవే బరువులు.

ఆ గదిలో పని నేర్చుకుంటున్న చిన్న డాక్టరమ్మ ఆరున్నరకి వచ్చేది. వచ్చీరాగానే మెడలోని బిళ్ల తీసి కొక్కేనికి తగిలించేది. ఒంటికి ఎంత ఎక్స్‌రే తగిలిందో పట్టుకునే బిళ్ల అది. నెలనెలా పరీక్షకు పంపుతారు.

"బిళ్ల మర్చిపోయావమ్మా," అన్నాడు ఒకసారి.

"మర్చిపోలేదు బాబాయ్. పెట్టుకుంటే హద్దు దాటుతుంది. దాటితే మూడు నెలలు గది గుమ్మం తొక్కనివ్వరు. కేసులు తగ్గాయంటే ఈ ఏడు పరీక్షకి కూర్చోనివ్వరు."

"మరి ఒంటి సంగతి?"

"ఒంటికి నోరు లేదుగా. మా పెద్ద డాక్టరుకే ఉంది."

పక్కనుంచి నర్సు, "నీకెందుకు బాబాయ్, నీ ఏప్రాన్లకి జోల పాడుకోక," అంది.

బాబాయ్ నవ్వలేదు. ఇదే గదిలో పనిచేసిన టెక్నీషియన్‌కి నలభై దాటకముందే రెండు కళ్లకీ పొరలు కమ్మాయి. అతనూ బిళ్లని కొక్కేనికే తగిలించేవాడు.

మర్నాటి నుంచి బాబాయ్ ఆమె బిళ్లని ఏప్రాన్ మెడపట్టీకి గుచ్చి ఉంచేవాడు. ఆమె నిద్రమొహంతో చేతులు చాచేది, అతను తొడిగి పట్టీలు బిగించేవాడు. పైన గౌను కప్పేశాక బిళ్ల కనపడేది కాదు. కేసు అయ్యాక మళ్లీ కొక్కేనికి. ఒక్క నెలకి హద్దు దాటదులే అనుకున్నాడు. దాటితే తెలియడమే మంచిదనీ అనుకున్నాడు.

నెల తిరిగాక పెద్ద డాక్టరు బిళ్ల పరీక్ష కాగితం పట్టుకొచ్చాడు. అప్పుడే కేసు ముగిసింది.

"మూడు నెలలు లోపలికి రాకు. పరీక్ష వచ్చే ఏడు చూద్దాం."

ఆమె కొక్కెం వైపు చూసింది. బిళ్ల అక్కడ లేదు. ఒంటిమీది ఏప్రాన్ మెడపట్టీ తడుముకుంది. పిన్ను వేలికి తగిలింది. బాబాయ్ వైపు చూసింది. అతను చేతిలో తడిగుడ్డ వైపు చూసుకున్నాడు.

రోజూ ఏప్రాన్ విప్పి కుర్చీలో పడేసేది. రోజూ అతను విసుక్కునేవాడు. ఆ రోజు తనే విప్పి, మడత లేకుండా సవరించి కొక్కేనికి తగిలించింది. తలుపు తీసుకుని వెళ్లిపోయింది.