తాళం వేసిన డైరెక్టరీకి సమ్మక్క చెప్పిన పేరు

1988లో హనుమకొండ సుబేదారిలో ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ క్లినిక్‌లో కంప్యూటర్ పెట్టాను. వారానికి రెండు రోజులు వెళ్ళి రికార్డులు ఎక్కించేవాణ్ణి. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. ఆ గదిలోకి వచ్చేవాళ్ళంతా, డాక్టరమ్మతో సహా, గుమ్మం బయటే చెప్పులు విడిచేవాళ్ళు. ఆ భయభక్తులు తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

కుష్ఠు, సుఖరోగాల వాళ్ళ రికార్డులు ఎవరి కంటా పడకూడదు. అందుకని ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్ ఒకటి తెచ్చాను. పాస్‌వర్డ్ కొట్టకపోతే లోపలి అక్షరాలన్నీ కలగాపులగంగా కనిపిస్తాయి. ఇప్పటి ఫోల్డర్‌ను అప్పుడు డైరెక్టరీ అనేవాళ్ళం. తాళం పడిన ప్రతి డైరెక్టరీకీ ఆ ప్రోగ్రామ్ తనంతట తానే లాక్ ఒకటి, లాక్ రెండు, లాక్ మూడు అని పేరు పెట్టేది. దాన్ని డిఫాల్ట్ పేరు అంటారు.

ఆ పేర్లతో డాక్టరమ్మకు తల తిరిగిపోయేది. ఒక రోగికి అది ఎన్నో నెల మందో తేల్చడానికి మూడు డైరెక్టరీలూ తెరవాల్సి వచ్చింది. "పేర్లు జర సమజయ్యేటట్టు పెట్టరాదు?" అని విసుక్కుంది. ఇంకేం, కుష్ఠు రోగుల డైరెక్టరీకి ఇంగ్లీషు అక్షరాల్లో ‘కుష్టు’ అని పెట్టేశాను. ఎంత తేటగా ఉందో అని మురిసిపోయాను కూడా. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు, తెలివికి తక్కువ లేదనుకునేవాణ్ణి.

సమ్మక్కది మరిపెడ. అక్కడ ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఆమెకు కుష్ఠు మొదట్లోనే బయటపడింది, మందు తప్పకుండా మింగితే నయమవుతుంది. నెలకొక గురువారం వచ్చి డాక్టరమ్మ ఎదుటే గోలీలు వేసుకోవాలి. మిగతా రోగులతో కలిసే బెంచీ మీద కూర్చునేది.

ఆ గురువారం ఆమె తన కార్డు నా చేతికిచ్చింది. నేను డైరెక్టరీల జాబితా తెర మీదికి తెచ్చాను. లోపలి కాగితాలకే తాళం కానీ, జాబితాలో పేర్లకు తాళం లేదు. బెంచీ మీద గజ్జికి మందు కోసం వచ్చిన ఒకాయన మెడ చాచి, కూడబలుక్కుని పైకే చదివాడు.

"ఇదేంది సార్, కుష్టు అనున్నది?"

చదివి సమ్మక్క వైపు చూశాడు. ఆయన ఆ హాస్టల్‌కు కూరగాయలు వేసే మనిషే. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మందు వేసుకోకుండానే వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ నన్ను గట్టిగా తిట్టలేదు. "నీ తాళం మంచిగనే ఉన్నది. పేరే బోర్డు రాసి తలుపుకు తగిలించినట్టున్నది" అంది. తిట్టినా బాగుండేది.

తప్పిన మందు కోసమైనా తర్వాతి గురువారం సమ్మక్క రాలేదు. ఆ పై వారమూ రాలేదు. మందు ఆగితే వేళ్ళు మొద్దుబారి వంకర్లు పోతాయని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

మూడో గురువారం మధ్యాహ్నం, బెంచీ ఖాళీ అయ్యాక వచ్చింది.

"పని పోయింది సార్. ఇగ చేతులన్న ఉండాలె గద, అందుకే వచ్చిన" అంది.

నా తప్పేనన్నాను. ఆమె కాదనలేదు.

"మరి ఏం పేరు పెట్టాలె సమ్మక్కా?"

"మేం బస్సుల కలిస్తె రోగం పేరు తియ్యం సార్. ‘గురువారం పోతానవా?’ అని అడుగుతం, గంతే. మాకు సమజైతది. పక్కపొంటి కూసున్నోళ్ళకు ఏం తెలుస్తది?"

నేను పుస్తకాలు తిరగేసి కనుక్కోలేనిది వాళ్ళు బస్సులో ఎప్పుడో కనిపెట్టేశారు. ఆమె ఎదుటే ప్రోగ్రామ్ తెరిచి ‘కుష్టు’ తీసేసి, డిఫాల్ట్ పేరే మార్చాను. ఇక నుంచి తాళం వేసే ఏ డైరెక్టరీకైనా ఆ రోగులు వచ్చే వారం పేరే వస్తుంది. పేరు ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు దాటకూడదు కాబట్టి గురువారం తోక కోయాల్సి వచ్చింది.

"ఎవలన్న జదివితె?" అని తెర వైపు అనుమానంగా చూసింది.

"గురువారం అనే చదువుతరు."

అప్పుడు గోలీలు అడిగి వేసుకుంది.

ఆ తర్వాత ఎన్నో చోట్ల ఎన్నో తాళాలు వేశాను. వెతికేవాళ్ళకు దొరకాలి, తొంగిచూసేవాళ్ళకు ఏమీ చెప్పకూడదు, పేరంటే అదీ. దాన్ని పెట్టే ముందు లోపల ఉన్నవాళ్ళను ఒక మాట అడగాలని సమ్మక్క దగ్గరే నేర్చుకున్నాను. ఆమె ఒక్క నెల కూడా మానకుండా మందు పూర్తి చేసింది. చేతులు నిలిచాయి. ఆ చేతులతో వంట చేయించుకోవడానికి మాత్రం హాస్టల్ వాళ్ళు మళ్ళీ పిలవలేదు.